గాలి ఎవరి పద్దు?

మా అబ్బాయి కిందటేడు సంక్రాంతి సెలవులకి ఇంటికొస్తూ నాకో కానుక పట్టుకొచ్చాడు. చీర కాదు, మిఠాయి పొట్లం కాదు. అరచేతిలో ఇమిడిపోయే ప్లాస్టిక్ డబ్బీ. దాని నెత్తిన గుండ్రటి కన్నం, ఆ కన్నంలో రూపాయి బిళ్ళంత పంకా. కింద అంకెలు కనిపించే చిన్న అద్దం.

"ఇదేమిట్రా, చెమట పడితే విసురుకోడానికా?" అన్నాను.

"కాదమ్మా, గాలిమీటరు. నీ నవలల్లో పేజీకోసారి గాలి వీస్తుందిగా. ఇకనుంచి గంటకి ఎన్ని కిలోమీటర్లో కూడా రాయి."

ఇరవై ఏళ్ళుగా రాస్తున్న తల్లి మీద పందొమ్మిదేళ్ళ కొడుక్కి అంత వెటకారం! అయినా చెప్పొద్దూ, ఆ బుల్లి పంకా చేతిలో గిర్రున తిరగ్గానే నాకూ చిన్నపిల్లల సరదా పుట్టింది. ఇల్లంతా తిరిగాను. హాల్లో ఫాను కింద 9. వీధి గుమ్మంలో 4. మేడ మీద బట్టలారేసే తీగ దగ్గర 14. వంటింట్లో సున్నా. మా వంటింటికి గాలి రాదని పెళ్ళయిన కొత్తలోనే మొత్తుకున్నాను, ఎవరూ నమ్మలేదు. ఇన్నాళ్ళకి సాక్ష్యం దొరికింది.

మా అత్తగారు మంచం మీద నుంచే ఈ తతంగమంతా చూసి, "గాలిని కొలిచి ఏం చేస్తారే, అమ్ముకుంటారా?" అన్నారు. అందరం నవ్వాం.

నిజానికి గాలిని కొలవడం కొత్త సంగతేం కాదు. మా అమ్మమ్మ కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టే ముందు గుప్పెడు పొట్టు తలెత్తు నుంచి వదిలి చూసేది. పొట్టు కాళ్ళ దగ్గరే పడితే "ఇంకా రాలేదు" అని చేట పక్కన పెట్టి కూర్చునేది. నాలుగడుగులు జరిగి పడితే లేచి కొంగు బిగించేది. గింజలు కూడా కొట్టుకుపోయేటంత వస్తే మళ్ళీ కూర్చునేది. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలన్న సామెత మనందరికీ తెలుసు. ఎంత గాలి అన్నది మాత్రం ఆవిడ చేతికే తెలుసు.

సముద్రం మీద తిరిగేవాళ్ళకీ ఇలాంటి లెక్కే ఒకటి ఉంది. 1805లో ఫ్రాన్సిస్ బోఫోర్ట్ అనే బ్రిటిష్ నౌకాధికారి, తెరచాపలు ఎలా ఉంటే ఎంత గాలి అని సున్నా నుంచి 12 దాకా మెట్లు కట్టాడు. నేలమీది గుర్తులు తర్వాతివాళ్ళు చేర్చారు. పొగ నిటారుగా లేస్తే సున్నా. మొహానికి తగిలి ఆకులు గలగలమంటే 2. దుమ్మూ కాగితాలూ లేస్తే 4. గొడుగు పట్టుకోవడం కష్టమైతే 6. చెట్టు చెట్టంతా ఊగితే 7. రెమ్మలు విరిగితే 8. చెట్లు వేళ్ళతో సహా లేస్తే 10. నాకైతే ఆ గొడుగు లెక్క తెగ నచ్చింది. మన ఆడవాళ్ళెవరైనా రాసి ఉంటే చీర కుచ్చిళ్ళ లెక్క కూడా ఒకటి ఉండేదనుకోండి.

ఆ తర్వాత 1846లో ఐర్లండులోని ఆర్మాలో, ఖగోళ పరిశోధనశాల నడిపే రాబిన్సన్ అనే మతగురువు నాలుగు గరిటెలాంటి గిన్నెల్ని అడ్డకర్రలకి బిగించి తిప్పాడు. ఇప్పటికీ వాతావరణ కేంద్రాల మీద తిరిగేవి వాటి సంతానమే, కాకపోతే గిన్నెలు మూడయ్యాయి. మావాడు తెచ్చిన దానికి అన్నగారి వరస యంత్రం కూడా ఉందట. మూడు కాళ్ళ మీద నిలబెడితే గాలి వేగం, దిక్కు, ఎండ, తేమ, వాన, గాలి పీడనం అన్నీ చెబుతుంది. మడిచి సంచీలో పెట్టుకుపోవచ్చు. పెద్ద క్రేనులు నడిపేవాళ్ళకీ, అడవుల్లో మంటలార్పేవాళ్ళకీ, చేలల్లో మందు కొట్టేవాళ్ళకీ కావలసిన వస్తువు. మందు సంగతంటే గుర్తొచ్చింది. తోట పక్క మిరప చేలో ఒకాయన ఎదురుగాలిలో మందు కొట్టిస్తుంటే మావాడు వెళ్ళి 19 ఉందని అంకె చూపించాడు. అవతల గట్టు మీద కలుపు తీస్తున్న ఆడకూలీలు ముక్కులకి కొంగులడ్డం పెట్టుకుని ఉన్నారు. ఆయన అంకె చూశాడు, ఆడవాళ్ళని చూశాడు, "రోజూ కొట్టేదేగా బాబూ" అన్నాడు. మర్నాడు మాత్రం తెల్లవారుజామునే కొట్టించాడు. అంకె పుణ్యమో, చూశారన్న మొహమాటమో!

ఇంకొక్క లెక్క చెప్పి అసలు విషయానికొస్తాను. గాలి వేగం రెండింతలైతే దాని తోపు రెండింతలు కాదు, నాలుగింతలు. వేగం మూడింతలైతే తోపు తొమ్మిదింతలు. 20 కిలోమీటర్ల గాలికి ఉయ్యాలూగే మామిడికాయ 60 కిలోమీటర్ల గాలికి ఎందుకు నిలవదో ఇది తెలిశాకే నాకు అర్థమైంది. కాయ బరువెక్కే రోజులకి తొడిమ సన్నగానే ఉంటుంది, పైనుంచి పొడుగాటి కాడకి వేలాడుతుంటుంది. ఊగిన కొద్దీ తన బరువే తనకి శత్రువు.

మా తిరువూరు, నూజివీడు, విస్సన్నపేట వైపు మామిడితోటలున్నవాళ్ళకి చైత్ర వైశాఖాలు గుండె చేత్తో పట్టుకునే నెలలు. తోట మీద కాపుని గుత్తకిచ్చేస్తాం. పూత మీద ఇచ్చేవాళ్ళున్నారు, పిందె మీద ఇచ్చేవాళ్ళున్నారు, కాయ తయారయ్యాక ఇచ్చేవాళ్ళున్నారు. పూత మీదైతే ధర తక్కువ, ఎందుకంటే మంచూ తేనెమంచు పురుగూ గాలివానా అన్నీ గుత్తదారు నెత్తినే. ఆలస్యమైన కొద్దీ ధర ఎక్కువ, అతనికి భయం తక్కువ. ఒకసారి మాటయ్యాక గాలి అతని పద్దు. తరతరాలుగా వస్తున్న పద్ధతి, ఎవరూ అన్యాయం అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

కిందటేడు మాతో పూత మీద మాటాడుకున్న మనిషి వెనక్కి తగ్గడంతో మా మూడెకరాల కాపూ ఏప్రిల్ దాకా అమ్మకుండా ఉండిపోయింది. బంగినపల్లి చెట్లే ఎక్కువ, అంచుల్లో చిన్నరసాలు. వ్యవహారం చూసేది మా మరిది. ఒకరోజు సాయంత్రం, మా నాన్న వయసు గుత్తదారు ఒకాయన వచ్చాడు. ముప్పై నలభై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల తోటలు పడుతున్న మనిషి. నేను బాబాయ్ అంటాను, ఆయన నన్ను అమ్మాయ్ అంటాడు.

బేరం ఎటూ తెగడంలేదు. మా మరిది ఒక మాట మీద, ఆయన ఇంకో మాట మీద. రేపు మళ్ళీ వస్తానంటున్నాడు. నేను లోపల కాఫీ కలుపుతుంటే హైదరాబాదు నుంచి మావాడు ఫోను చేశాడు. "అమ్మా, మన వైపు హెచ్చరిక వచ్చింది. మూడు గంటల్లో ఉరుములు, ఈదురు గాలులట. తోట సంగతి బాబాయికి చెప్పు."

నేను ముందు మేడెక్కాను. మీటరు చాపిన చేతిలో పట్టుకున్నాను. సున్నా. ఒక్క ఆకు కదలడం లేదు. ఉక్కపోత. పడమటి దిక్కున మాత్రం మబ్బు నల్లగా గోడ కట్టినట్టుంది. నా చేతిలో యంత్రం ఇప్పుడేముందో నిజాయితీగా చెప్పింది, కాసేపట్లో ఏం రానుందో దానికేం తెలుసు? అలాంటి మబ్బు లోపల చల్లబడ్డ గాలి బరువుతో కిందికి పడి, నేలకి కొట్టుకుని నలుదిక్కులకీ పరుచుకుంటుందట. అందుకే వానకంటే ముందు ఆ చల్లటి విసురు వస్తుంది. అప్పటిదాకా అంతా సున్నాయే.

కిందికొచ్చి మా మరిదిని వంటింట్లోకి పిలిచి చెప్పాను. అతను ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "మెల్లగా మాట్లాడు వదినా" అన్నాడు. అంతే. బయటికి వెళ్ళి, "సరే, మీ మాటా వద్దు, నా మాటా వద్దు" అని తనే అయిదు వేలు తగ్గాడు. ఆయన మొహం వికసించింది. బయానా చేతులు మారింది.

నేను కాఫీ గ్లాసులు తెచ్చి ఇచ్చాను. ఆయన గ్లాసందుకుంటూ నావైపు తిరిగి అడిగాడు. "ఏమంటావమ్మాయ్, కాయ నిలబడుద్దంటావా?"

"మీ చెయ్యి మంచిది బాబాయ్" అన్నాను.

ఆరున్నరకి వచ్చింది గాలి. మేడ మెట్ల తలుపు దగ్గర నిలబడి మీటరు బయటికి పెడితే 57 దాకా ఎగబాకింది. అది నేల మీద మనిషెత్తున, గోడ చాటున. వాతావరణం వాళ్ళు పది మీటర్ల ఎత్తున కొలుస్తారు కాబట్టి వాళ్ళ లెక్కలో ఇంకా ఎక్కువే. కరెంటు పోయింది. చీకట్లో ఆ అద్దం మీది అంకెని చూస్తూ నిలబడ్డాను. తోట అక్కడికి రెండు మైళ్ళు. కాయలు రాలే చప్పుడు నాకు వినపడే అవకాశమే లేదు. అయినా వినపడింది.

తెల్లారి వెళ్తే చెట్ల కింద నేల కనపడలేదు. రాలిన కాయకి దెబ్బ తగులుతుంది, మగ్గేసరికి నల్లబడుతుంది, నున్న మార్కెట్లో దాన్నెవరూ చూడరు. పచ్చళ్ళకి అడిగిన ధరకిచ్చి వదిలించుకోవలసిందే. బాబాయ్ ఇద్దరు కూలీలతో ఏరిస్తున్నాడు. మమ్మల్ని ఒక్క మాటనలేదు. బేరం బేరమే కదా. పైగా గట్టి కాయలు చూసి ఒక గంప నింపి, "ఆవకాయ పెట్టుకో అమ్మాయ్" అని మా ఇంటికి పంపించాడు. పెట్టాను. చాలా బాగా కుదిరింది. అదే నా బాధ.

బి.ఏ.లో ఫిలాసఫీ చదివిన పాపానికి, ఆ ఎండాకాలమంతా నాకొక పాత కథ గుర్తొస్తూనే ఉంది. క్రీస్తు పూర్వం 44లో రోము నగరపు సిసెరో, ఏథెన్సులో చదువుకుంటున్న కొడుక్కి ధర్మాధర్మాల గురించి రాసిన పుస్తకంలో ఉందది. రోడ్స్ ద్వీపంలో కరువు. అలెగ్జాండ్రియా నుంచి ఒక వర్తకుడు ఓడ నిండా ధాన్యం తెచ్చాడు. వెనకాల ఇంకా చాలా ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు, ఊరివాళ్ళకి తెలియదు. చెప్పాలా? చెప్పకుండా ఎక్కువ ధరకి అమ్ముకోవచ్చా? ఇద్దరు పండితుల్ని ఎదురెదురుగా నిలబెట్టాడు సిసెరో. డయోజెనీస్ అనే ఆయన, సరుకులో లోపముంటే చెప్పాలి గానీ తనకి తెలిసిందంతా చెప్పనక్కర్లేదు, చెప్పకపోవడం వేరు, దాచడం వేరు అంటాడు. ఆంటిపేటర్ అనే ఆయన, మనుషులంతా ఒక్కటే సమాజమైనప్పుడు చెప్పి తీరాలంటాడు. సిసెరో మొగ్గు చెప్పాలనే వైపే.

మా మరిది ఈ పుస్తకం చదవలేదు గానీ అచ్చం డయోజెనీసే. "వదినా, ఆయన చేతిలోనూ ఫోనుంది. హెచ్చరిక మనకొక్కళ్ళకే రాలేదు. అదీగాక రోజూ వచ్చే హెచ్చరికల్లో సగం ఉత్తివే అవుతాయి. రాని గాలికి భయపెట్టి బేరం చెడగొట్టుకోమంటావా? నున్నలో ఏ రోజు ఏ ధర పలుకుతుందో ఆయనకి తెలుసు. ఎప్పుడైనా మనకి చెప్పాడా?"

ఈ చివరి మాటకి నేను చాలా రోజులు జవాబు వెతుక్కున్నాను. ఆయన తెలివి నలభై ఏళ్ళు తోటల్లో పడుకుని సంపాదించుకున్నది, నాది ఫోనులో ఊడిపడింది అని సమాధానం చెప్పుకున్నాను. అంత బలమైన సమాధానం కాదు. ఊడిపడిన తెలివి మాత్రం తెలివి కాదా ఏమిటి?

తర్వాత ఇంకొకటి తోచింది. ఆ హెచ్చరిక ఎవరిది? ఉపగ్రహాలూ రాడార్లూ మా మరిదివీ కావు, నావీ కావు. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచెత్తింది. అధికారిక లెక్కల్లోనే పదివేల దాకా ప్రాణాలు పోయాయి. నేనప్పటికింకా పుట్టలేదు. రేడియోలో చెప్పారట గానీ చివరి ఇళ్ళకి ఎవరు చేరవేశారు అని మా అమ్మ ఎప్పుడు తలుచుకున్నా కళ్ళు తుడుచుకునేది. ఇవాళ మచిలీపట్నంలో రాడారు తిరుగుతున్నదీ, ఫోనుల్లోకి సందేశాలొస్తున్నదీ ఆ చివరి ఇళ్ళ కోసమే. 2019లో కేంద్ర ప్రభుత్వం వాళ్ళు రైతుల కోసం ఫోనులో పెట్టిన ఏర్పాటు పేరేమిటో తెలుసా? మేఘదూత్. కాళిదాసు మేఘుడు కబురుని మధ్యలో ఎక్కడా దాచుకోలేదు. దారిలో అందిన కబురుని పక్కవాడికి చెప్పకుండా బేరానికి వాడుకున్నది మేమే.

మళ్ళీ ఆలోచిస్తే, ఆ పాత గుత్త పద్ధతి ఇన్ని తరాలు ధర్మంగా ఎందుకు నిలబడిందో కూడా అప్పుడే బోధపడింది. గాలి సంగతి ఇచ్చేవాడికీ తెలియదు, పుచ్చుకునేవాడికీ తెలియదు. ఇద్దరూ సమానంగా గుడ్డివాళ్ళు కాబట్టి "గాలి నీది" అన్న మాటలో మోసం లేదు. ఆ సాయంత్రం మాలో ఒకళ్ళకి కళ్ళొచ్చాయి. ఆ తర్వాత కూడా పాత కాగితమే చదివాం. పైగా ఆయన నన్ను అడిగాడే! అడగకపోయి ఉంటే డయోజెనీసుని అడ్డం పెట్టుకునేదాన్నేమో. అడిగినప్పుడు నేను మౌనంగా కూడా లేను, "మీ చెయ్యి మంచిది" అన్నాను. అబద్ధమా అంటే కాదు. ఆయన చెయ్యి మంచిదే. నిజాలతోనే కప్పెట్టొచ్చని నవలలు రాసేదానికి ఒకళ్ళు నేర్పాలా?

చెప్పేశాను చివరికి. మిగిలిన డబ్బు అన్న రోజుకి అన్నట్టు పట్టుకొచ్చి లెక్కపెడుతుంటే, మా మరిది ఇంట్లో లేనప్పుడు, ఆ రోజు ఫోను సంగతి చెప్పాను. ఆయన నోట్లు లెక్కపెట్టడం ఆపలేదు. అయ్యాక అన్నాడు. "చెప్పినా ఇనేవాణ్ణి కాదులే అమ్మాయ్. ధర పెంచటానికి ఆడే నాటకం అనుకునేవాణ్ణి." గాలి వస్తుందని చెబితే ధర తగ్గుతుంది గానీ పెరగదు కదా! ఆయనకా మాత్రం తెలియదా? నన్ను తేలిక పరచడానికే అన్నాడని ఇంటికొచ్చాక తట్టింది. నష్టం ఆయనది, ఓదార్పు నాకు.

కట్టలోంచి కొంత తీసి వెనక్కివ్వబోయాను. పుచ్చుకోలేదు. "మీ మరిదిగారితో చెప్పి ఇవ్వు, అప్పుడు తీసుకుంటా" అన్నాడు. మా మరిదితో చెప్పాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజున తనే వెళ్ళి పదివేలు ఇచ్చొచ్చాడు. ఎందుకని నేనడగలేదు, అతను చెప్పలేదు. అంత నష్టానికి పదివేలు ఏ మూలకి? అయినా వెళ్ళాడు.

ఈ ఏడు పూత మీదే మళ్ళీ ఆయనే వచ్చాడు. ఈసారి అరుగు మీద కూర్చుని కొత్త షరతు రాద్దామన్నాను. గాలి నష్టం చెరి సగం. మా మరిది నవ్వాడు. "ఏది గాలి వదినా? 40 దాటితేనా, 50 దాటితేనా? కొలిచేదెవరు? మేడ మీదా, తోటలోనా? చెట్ల మధ్యన కొలిస్తే సగం కూడా చూపించదు. నీ మీటరు ఆయన నమ్మాలి, ఆయన గంపల లెక్క మనం నమ్మాలి. అంత నమ్మకమే ఉంటే మీటరెందుకు?"

అతను వాదనకి అన్నాడో నిజంగానే అన్నాడో గానీ, నాకు నోట మాట రాలేదు. బాబాయ్ మాత్రం తాపీగా, "కాయ రాలితే గాలి, రాలకపోతే కాదు. ఇందులో అంకెలెందుకయ్యా?" అన్నాడు. బోఫోర్ట్ వింటే ముచ్చటపడి ఉండేవాడు. చెరి సగమని రాశాం. అంకె వెయ్యలేదు.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాక, "ఏదీ, ఇంత గొడవ చేసిందదేనా?" అని మీటరు అడిగి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూసి, కన్నం దగ్గర నోరు పెట్టి గట్టిగా ఊదాడు. 11 దగ్గర ఆగింది.

"ఇంతేనంటమ్మాయ్?" అని, కళ్ళజోడు సర్దుకుని, ఈసారి గుండెల నిండా పీల్చుకుని మళ్ళీ ఊదాడు.